జమ్మి, నేరేడు, సర్కారు తుమ్మ

ఆషాఢమాసమున తొలి వానలు కురిసిన పిమ్మట న్యూఢిల్లీ అశోకా రోడ్డు మీదుగా నడచువారి పాదరక్షలకు ఊదారంగు అంటుకొనును. కాలిబాట పొడవునను నేరేడు పండ్లు రాలి చితికి యుండును. ఒకడు చెట్టెక్కి కొమ్మ కుదుపుచుండగా నలుగురు క్రింద దుప్పటిని చెరగులు పట్టుకొని నిలుతురు. పండిన వానిని గంపలకెత్తి, ఉప్పు చల్లి, అచ్చటనే అమ్ముదురు. తెలుగునాటినుండి క్రొత్తగా వచ్చిన పిల్లవాడు 'జామున్' అను కేక విని జామపండు కాబోలునని పరుగెత్తుట, నోరంతయు ఊదారంగుతో తిరిగి వచ్చుట, ఢిల్లీ తెలుగు కుటుంబములలో తరతరముల వేడుక. జామపండు కావలెనన్నచో ఇచ్చట 'అమ్రూద్' అని అడుగవలెనని వాడు మరునాటికి నేర్చుకొనును.

ఆ నేరేడు చెట్లు వాటంతట అవి మొలచినవి కావు. ఏ వీధికి ఏ చెట్టు, ఎన్ని అడుగుల దూరమున, ఎన్ని వరుసలుగా నాటవలెనో సుమారు నూరేండ్ల క్రిందట కొందరు అధికారులు కూర్చుండి నిర్ణయించిరి. ఢిల్లీ చరిత్రను కోటల చరిత్రగాను, సింహాసనముల చరిత్రగాను చదువుట వాడుక. ఆ కోటలు కట్టినవారందరును తోటలు కూడ వేసిరి. కోటలు శిథిలములైనను నిలిచియున్నవి. తోటలు చాలవరకు పేర్లుగా మాత్రమే మిగిలినవి. ఎవరు ఏ చెట్టును ఎందుకు నాటిరి, అందులో ఏది నిలిచినది, ఏది పోయినది, ఏది అడుగకయే వచ్చి తిష్ఠ వేసినది అను ప్రశ్నలను వెంబడించినచో ఈ నగర చరిత్ర వేరొక విధముగా కనబడును.

ముందుగా నేల సంగతి. ఢిల్లీ కర్కాటకరేఖకు ఉత్తరమున, ఇరువదియెనిమిదిన్నర డిగ్రీల అక్షాంశ ప్రాంతమున ఉన్నది. ఒక ప్రక్క యమున ఒండ్రునేల. మరియొక ప్రక్క ఆరావళి పర్వతపంక్తి చివరికొన, రాతిమయమైన 'రిడ్జి'. ఏటి వర్షపాతము 700, 800 మిల్లీమీటర్ల మధ్య నుండును. అందులో అధికభాగము జూలైనుండి సెప్టెంబరు లోపలనే కురియును. మే, జూన్ మాసములలో వేడిమి 45 డిగ్రీల సమీపమునకు పోవును. జనవరి రాత్రులలో మూడు నాలుగు డిగ్రీలకు దిగును. ఇచ్చట బ్రతుకవలసిన చెట్టు వడగాలిని, చలిని, ఎనిమిది మాసముల అనావృష్టిని ఓర్వవలెను. కావుననే కోనసీమ కొబ్బరి ఇచ్చట నిలువదు. మామిడి నిలుచును గాని కాలము మార్చుకొనును. తీరాంధ్రమున మామిడి పుష్య మాఘములలో పూచి వేసవి నడిమికి పండగా, ఢిల్లీలో ఫాల్గుణమున పూచి, వానలు పడునప్పటికి గాని పండదు. మొదటి రెండు మూడు శీతకాలములు లేతమొక్కకు మూడువైపుల గడ్డిదడి కట్టి, ఎండ తగులుటకు ఆగ్నేయపు వైపున మాత్రము తెరచి యుంచుట ఇచ్చటి తోటమాలుల పద్ధతి.

ఢిల్లీని గూర్చి తెలుగువారు వినిన మొదటి కథయే ఒక అడవి కాలిపోయిన కథ. నన్నయభట్టు భారతమున ఆదిపర్వము ఖాండవదహనముతో ముగియును. పాండవుల ఇంద్రప్రస్థము నేటి పురానాకిలా ప్రాంతమున నుండెనని సంప్రదాయము. అది చరిత్రయా, పురాణమా అను చర్చ అటుండనిండు. నగరము కట్టుటకు ముందు అడవిని తీయవలసి వచ్చుట ఢిల్లీకి కథలోనే మొదలైనది. అటుపిమ్మట వచ్చిన ప్రతి రాజ్యమును అడవిని తీసి, తనకు నచ్చిన చెట్లను నాటెను.

మొరాకో దేశపు యాత్రికుడు ఇబన్ బతూతా 1334లో ఢిల్లీకి వచ్చి, ముహమ్మద్ తుగ్లకు కొలువులో కొన్నియేండ్లు న్యాయాధికారిగా పనిచేసెను. ఆతడు తన యాత్రాకథనములో ఈ దేశపు పండ్లకు ప్రత్యేకముగా చోటిచ్చెను. మామిడి, పనస, నేరేడు, ఇప్ప, తునికి మొదలగు వానిని వర్ణించి, నేరేడును నల్లని ఓలివు పండుతో పోల్చెను. పచ్చి మామిడికాయలను ఉప్పులో ఊరవేసి భోజనములో నంజుకొనుట ఆతనికి వింతగా తోచినది. ఊరగాయ లేనిదే ముద్ద దిగనివారికి ఈ మాట చదువుట ఒక ముచ్చట.

ముహమ్మద్ తుగ్లకు తరువాత ఏలిన ఫిరోజ్‌షా తుగ్లకు (1351-1388) కాలువలు త్రవ్వించుటలోను, తోటలు వేయించుటలోను ప్రసిద్ధుడు. ఢిల్లీ పరిసరములలో ఆతడు 1,200 తోటలు వేయించెనని చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ వ్రాసెను. అందు ఏడు రకముల ద్రాక్షలు పండెడివట. ఆ సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చును. కాని ఆ తోటల ఆదాయము ఖజానాకు లెక్కగా చేరెడిదని ఆతడే చెప్పుటను బట్టి అవి విలాసమునకే గాక రాబడికిని పనికివచ్చెనని తెలియుచున్నది. యమునానది నీటిని పడమటి మెట్టకు తెచ్చిన ఫిరోజ్‌షా కాలువయే తరువాతి తోటలకును ప్రాణాధారమైనది.

1526లో పానిపట్టు యుద్ధము గెలిచిన బాబరు హిందూస్థానమున తనకు నచ్చనివానిని జాబితా వేసెను. పారునీరు గల తోటలు లేవనుట అందులో ఒకటి. అయినను ఆతని స్మృతిగ్రంథములో ఈ దేశపు చెట్లను గూర్చిన పుటలు శ్రద్ధగా చూచి వ్రాసినవి. మామిడి, అరటి, చింత, ఇప్ప, పనస, రేగు, వాక మొదలగు వాని ఆకు ఎట్టిది, పండు ఎట్టిది, రుచి ఎట్టిది అని ఒక్కొక్కదానిని వర్ణించెను. మామిడిని ఈ దేశపు పండ్లలో మేలైనదని ఒప్పుకొనెను. నేరేడు చెట్టు చూచుటకు అందమే గాని పండు అంత మంచిది కాదని తీర్పు చెప్పెను. ఆగ్రాలో తాను వేయించిన తోటలో ద్రాక్షయు ఖర్బూజయు కాచినప్పుడు ఆతని ఆనందమునకు మేర లేదు. పరదేశమునకు వచ్చినవాడు తన ఊరి పండును ఆ నేలలో పండించి తృప్తిపడుట మానవస్వభావము. ఢిల్లీ క్వార్టరు పెరటిలో గోంగూర చల్లిన గృహిణికి బాబరు మనస్సు సులభముగా తెలియును.

షాజహాను కాలమున అలీ మర్దాన్ ఖాను పాత ఫిరోజ్‌షా కాలువను బాగుచేయించి నీటిని ఎర్రకోట లోపలికి తెచ్చెను. ఆ నీటి బలముతో షాజహానాబాదు చుట్టును తోటలు లేచినవి. చక్రవర్తి కుమార్తె జహనారా చాందినీచౌకు ప్రక్కన ఒక తోటను, ఆమె చెల్లెలు రోషనారా నగరమునకు వెలుపల మరియొక తోటను వేయించిరి. 1658లో ఔరంగజేబు మొదటి పట్టాభిషేకము జరిగినది ఢిల్లీ షాలిమార్ తోటలోనే. నేటికిని ఈ నగరమున కరోల్‌బాగ్, జోర్‌బాగ్, షాలిమార్‌బాగ్ అని పేటల పేర్లు వినబడుచున్నవి. 'బాగ్' అనగా తోట. ఆ పేటలలో బస్సు దిగువారిలో ఎందరికి ఆ అర్థము తలపునకు వచ్చునో!

ఆ తోటలు పోవుటకు శత్రువుల దండయాత్రలు ఒక కారణమైనను, కాలువ పూడిపోవుట అంతకంటె పెద్ద కారణము. పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఢిల్లీ శాఖ ఎండిపోయినది. ఆంగ్లేయులు బాగుచేయించి 1820లో తిరిగి నీరు వదలిరి. నీరు కట్టి పెంచిన తోట నీరు కట్టువాడున్నంత కాలమే నిలుచును. 1857 తరువాత ఎర్రకోటలోని హయాత్‌బక్ష్ తోటలో పెద్దభాగమును తీసివేసి సైనికుల బారకాసులు కట్టిరి. జహనారా తోట విక్టోరియా రాణి పేరును ధరించినది. మామిడిపండ్లనిన ప్రాణము పెట్టు మహాకవి గాలిబు (1797-1869) ఆ విధ్వంసమునకు ప్రత్యక్షసాక్షి. ఆతని లేఖలలో మామిడిపండ్ల ముచ్చటలును, పాడుబడిన నగరమును గూర్చిన విలాపమును కూడ చోటుచేసుకొన్నవి.

1911 డిసెంబరు 12వ తేదీన ఐదవ జార్జి చక్రవర్తి దర్బారులో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చునట్లు ప్రకటించెను. రెయిసినా కొండ చుట్టును నూతన నగర నిర్మాణము సాగి, 1931 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవము జరిగినది. భవనముల ఖ్యాతి లుట్యెన్సు, బేకరులకు దక్కినది. చెట్ల సంగతి మాత్రము అటవీశాఖకు చెందిన క్లటర్‌బక్ మొదట జాబితా వేయగా, క్యూ ఉద్యానవనమున శిక్షణ పొందిన మస్టో అను ఉద్యానాధికారి కార్యరూపమునకు తెచ్చెను. రాష్ట్రపతిభవనపు తోటను పెంచినవాడును ఆతడే. 2023లో ఆ తోటకు అమృత ఉద్యానమని పేరు వచ్చినది.

ఆ అధికారులకు ఒక చిక్కు ఎదురైనది. ఢిల్లీ మెట్టనేలకు సహజమైన చెట్లు చాలవరకు ఆకురాల్చునవి. నీరు లేని కాలమున ఆకు విడిచి, ఉన్న తడిని కాపాడుకొనుట వాని ప్రాణరక్షణోపాయము. వడగాలిలో నీడ కావలెనని కోరు నగరనిర్మాతలకు ఆ గుణము రుచింపలేదు. ఏడాది పొడవునను పచ్చగా నుండు చెట్లు వారికి కావలసివచ్చెను. అందుచేత ఏటి ఒడ్డులను, తడినేలలను ఇష్టపడు చెట్లను వెదకి తెచ్చి మెట్టమీద నాటిరి. రాజపథమునకు ఇరువైపుల నేరేడు. అశోకా రోడ్డుకు నేరేడు. జనపథమునకు ఏటి మద్ది, అనగా అర్జునవృక్షము. అక్బర్ రోడ్డుకు చింత. లోడీ రోడ్డుకు వేప. ఇవన్నియు భారతదేశపు చెట్లే. తెలుగువానికి ప్రతిదానికిని తన భాషలో పేరున్నది. కాని ఢిల్లీ రాతినేల వానికి పుట్టిల్లు కాదు. మొదటి యేండ్లలో నీరు పోసి, ఎరువు వేసి, పశువులనుండి కాపాడి పెంచుటచేతనే అవి నిలిచినవి. ఒకసారి వేరు దిగిన తరువాత నూరేండ్లు నీడనిచ్చినవి.

నేరేడు ఫలవృక్షము కూడ నగుటచే నగరపాలకమండలికి అదనపు రాబడి వచ్చినది. ఫలసాయమును ఏటేట వేలము వేయగా పాటదారులు పనివారిని దింపుట చాలకాలముగా నడచిన పద్ధతి. బాబరు మెచ్చని పండును రాజధాని ప్రజలు ఆషాఢ శ్రావణములలో ఎదురుచూచి కొనిరి. ఆ రాజపథమునకే 2022 సెప్టెంబరునుండి కర్తవ్యపథమని పేరు.

నగరవీథులకు ఇంత ఆలోచించి చెట్లు నాటినవారే రిడ్జిమీద మరియొక ప్రయోగము చేసిరి. ఆ రాతిగుట్టలు మేకల మేతకును వంటచెరకునకును లోనై బోసిపోయి యుండెను. 1913లో మధ్యభాగమును రక్షితారణ్యముగా ప్రకటించిరి. పిదప 1920, 30 దశకములలో త్వరగా పెరుగునది, నీరు అడుగనిది, పశువులు ఆకు ముట్టనిది యగు ఒక అమెరికా ఖండపు ముండ్లచెట్టును అచ్చట విస్తారముగా పెంచిరి. ఢిల్లీవారు దానిని విలాయతీ కీకరు అందురు. తెలుగువారికి అది చిరపరిచితమైన సర్కారు తుమ్మ.

ఆ చెట్టు చరిత్రలో తెలుగునాటికి ముఖ్యస్థానమున్నది. మద్రాసు రాజధాని అటవీశాఖలో పనిచేసిన ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెడ్డోమ్ 1876లో ఈ చెట్టు విత్తనములు తెప్పింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. అవి వచ్చిన పిమ్మట 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. సింధు ప్రాంతమునను ఇంచుమించు ఆ కాలముననే ప్రవేశపెట్టిరి. దత్తమండలములు అప్పుడు ఘోరమైన ధాతుక్షామములో నుండెను. వంటచెరకు లేని బీడునేలలో ఏదో ఒక చెట్టు మొలిచిన చాలునన్న స్థితి అది. సర్కారు తెచ్చినది గనుక జనులు దానికి సర్కారు తుమ్మ అని పేరు పెట్టిరి. పేదల పొయ్యికి కట్టె ఇచ్చినది. బొగ్గుల బట్టీలకు పని కల్పించినది. ఆ మేలును మరువరాదు.

కాని తెచ్చినవారు ఊహింపని సంగతి ఒకటి జరిగినది. ఆకు ముట్టని పశువులు కాయలను మాత్రము ఇష్టముగా తిని, విత్తనములను పేడతోపాటు ఊరూరను విడిచినవి. చెరువు కట్టలు, పోరంబోకులు, వాగు గట్టులు దాని వశమైనవి. దాని నీడలో వేరొక మొక్క లేచుట అరుదు. ఢిల్లీ రిడ్జిమీదను అదే జరిగినది. ఒకప్పుడు అచ్చట మోదుగ, రేల, చండ్ర, నల్ల తుమ్మ, రేగు, గార, ధవ్ అను ఆరావళి చెట్లు ఉండెడివి. వానిలో ప్రతిదానికిని వేర్వేరు పక్షి, వేర్వేరు సీతాకోకచిలుక, వేర్వేరు కాలము. విలాయతీ కీకరు కమ్మిన చోట్ల ఆ వైవిధ్యము మాయమై ఒకే రంగు పచ్చదనము మిగిలినది. దూరమునుండి చూచువారికి అది అడవియే. లోపలికి పోయి చూచిన గాని నష్టము తెలియదు.

ఇందులో ఒక విచిత్రమున్నది. సర్కారు తుమ్మయు, మన జమ్మియు దాయాదులు. వృక్షశాస్త్రజ్ఞులు చాలకాలము రెంటిని ఒకే ప్రజాతిలో ఉంచిరి. 2022లో మాత్రమే అమెరికా జాతులను వేరుచేసిరి. జమ్మి వేరు చాల లోతుకు పోవును. దాని ఆకు పశువులకు మేత. దాని క్రింద పైరు చక్కగా పండును. రాజస్థానమున దానిని ఖేజ్డీ అందురు. 1730లో జోధ్‌పూరు సమీపమున ఖేజడ్లీ గ్రామమందు రాజోద్యోగులు ఆ చెట్లను నరుకుటకు రాగా, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణములర్పించిరి. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడినప్పుడు జమ్మినే రాష్ట్రవృక్షముగా గైకొన్నది. ఢిల్లీలో విజయదశమినాడు జమ్మి దొరకదని విచారించు తెలుగువారు పలువురు. వాస్తవమునకు అది ఈ నేల సొంతబిడ్డ. 'జాండ్' అను పేరుతో పాతపొలముల గట్లమీద, రాతినేలల అంచుల ఇంకను అచ్చటచ్చట నిలిచియున్నది. ఎదురుగా నున్నను పేరు తెలియక గుర్తింపలేకపోవుట మాత్రమే లోపము.

నగరమునకు పడమట మరియొక చరిత్ర నడచినది. 1905లో బీహారులోని పూసా గ్రామమున స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనసంస్థ 1934 జనవరి 15 నాటి భూకంపమున దెబ్బతినగా 1936లో ఢిల్లీకి మారినది. ఊరు మారినను పేరు మారలేదు. నేటికిని అది పూసా సంస్థయే. అచ్చటి శాస్త్రజ్ఞులు మామిడిని పీడించు ఒక పాత లోపముపై దృష్టి నిలిపిరి. లక్నో సమీపపు దశేరి గ్రామమున పుట్టిన దశేరి మామిడి మిక్కిలి రుచిగలదే గాని ఒక ఏడు విరగకాచినచో మరుసటి ఏడు కాపు తప్పును. దక్షిణాదిన పెరుగు నీలం మామిడి చిన్నపండే గాని ఏటేట నమ్మకముగా కాయును. ఆ రెంటికిని సంకరము చేయగా మల్లిక, ఆమ్రపాలి అను రకములు వచ్చి 1970 దశకమున విడుదలైనవి. మల్లికకు తల్లి నీలం. ఆమ్రపాలికి తల్లి దశేరి. ఆమ్రపాలి చెట్టు పొట్టిది. రెండున్నర మీటర్ల ఎడముతో నాటినచో హెక్టారునకు 1,600 మొక్కలు పట్టును. పెద్ద చెట్టుకు చోటులేని పెరటికి ఇట్టి రకమే తగినది. చిత్తూరు తోటలలో పరిచితమైన నీలమును, లక్నో దశేరియు ఢిల్లీలో వియ్యమందిన కథను పంచవర్ష ప్రణాళికల కాలపు విజయములలో ఒకటిగా చెప్పుకొనవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కేంద్రప్రభుత్వ కార్యాలయములు పెరిగినవి. ఉద్యోగులకై క్రొత్త కాలనీలు వెలసినవి. 1950 దశకమున కట్టిన వినయ్ నగరము తరువాత సరోజినీ నగర్ మొదలగు పేర్లను పొందినది. హైదరాబాదున పుట్టిన కవయిత్రి పేరు ఢిల్లీ గుమాస్తాల కాలనీకి వచ్చినది. ఒంటిఅంతస్తు, రెండంతస్తుల ఇండ్లు, ముందు పచ్చికబయలు, వెనుక పెరడు. ఆ పెరళ్ళలో దేశమంతయు మొలచినది. పంజాబీలు నిమ్మయు, బెంగాలీలు అరటియు నాటగా, తెలుగువారు మునగయు కరివేపయు నాటుకొనిరి.

ఊరినుండి మొక్కను తడిగోనెలో చుట్టి గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సులో రెండురాత్రులు కాపాడి తెచ్చిన గృహిణులు, అది తమ ప్రాంతపు మొక్క యని గర్వపడుట సహజము. కాని మునగకు జన్మస్థానము వాయవ్య భారతమున హిమాలయ పాదప్రాంతము. కరివేప ఆ కొండవాలు అడవులలో స్వయముగా పెరుగును. ఉత్తరాదివారు దానిని 'మీఠా నీమ్' అందురు. ఆ మొక్కలు ఢిల్లీకి వచ్చుట పరదేశమునకు వచ్చుట కాదు, పుట్టింటి దరికి తిరిగివచ్చుట. ఇక మనము మన ఊరిదని భావించు జామ, బొప్పాయి, సీతాఫలము మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవి. పోర్చుగీసువారు మొదలగు ఐరోపావారి ఓడలు తిరిగిన కాలమున ఈ దేశము చేరి, తెలుగు పేర్లు పెట్టుకొని, మన ముంగిళ్ళలో కలిసిపోయినవి.

దీనినిబట్టి చూడగా చెట్టు ఎచ్చట పుట్టినదను ప్రశ్న ఒక్కటియే చాలదు. జామయు అమెరికానుండియే వచ్చినది, సర్కారు తుమ్మయు అమెరికానుండియే వచ్చినది. ఒకటి ఇరుగుపొరుగు మొక్కలతో కలిసి బ్రతికినది; మరియొకటి ఇరుగుపొరుగులేకుండ చేసినది. వచ్చినచోట తక్కినవానికి చోటు మిగిల్చినదా, లేదా అనునదే విచారింపవలసిన సంగతి.

పెరటిచెట్టుతో పండుగలకును ఒక లంకె ఏర్పడినది. ఉగాది ఒక్కొక్క యేడు మార్చి నెలలోనే వచ్చును. అప్పటికి ఢిల్లీ వేప పాత ఆకు రాల్చి లేతచిగురు తొడుగుచుండును గాని పూత పూయదు. మామిడి పిందె శనగగింజంత యుండును. కావున ఊరినుండి వచ్చిన ఎండు వేపపువ్వుతోను, బజారున దక్షిణాదినుండి దిగిన కాయతోను పచ్చడి చేసికొనుట ఇచ్చటివారి ఆచారమైనది. ఏప్రిలు నడుమ వేప పూచి వీథియంతయు తియ్యని వాసన నిండినప్పుడు ఆ పువ్వును ఏరి, ఆరబెట్టి, మరుసటి సంవత్సరపు పండుగకు దాచుకొనిన వారును కలరు.

ఉద్యోగి బదిలీయై పోవునప్పుడు ఇంటి తాళపుచెవిని, విద్యుద్దీపముల లెక్కను అప్పగించి రసీదు పొందును. పెరటిలోని మామిడిని అప్పగించుటకు రిజిస్టరు లేదు. అది కాపునకు వచ్చునప్పటికి నాటినవాడు మరియొక ఊరిలో నుండును. పండు తినువాడు వేరొక భాషవాడు. అయినను నాటుట మానినవారు లేరు. అట్లు అరువది యేండ్లలో ఆ కాలనీలు చిన్న వనములైనవి.

ఆ ఇండ్లు పాతబడినవి, ఉద్యోగుల సంఖ్యకు చాలకుండినవి. సరోజినీ నగర్, నౌరోజీ నగర్, నేతాజీ నగర్ మొదలగు ఏడు కాలనీలను పడగొట్టి, ఉన్న ఇండ్లకు ఇంచుమించు రెట్టింపు ఇండ్లను ఎత్తైన భవనములలో కట్టవలెనని 2016లో ప్రభుత్వము నిశ్చయించినది. ఇండ్ల కొరత నిజమైనదే. క్వార్టరుకై ఏండ్లతరబడి వరుసలో నిరీక్షించిన ఉద్యోగికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. కాని ఆ నిర్మాణమునకై పదునాలుగువేలకు పైబడిన చెట్లు పోవునని 2018లో వెల్లడియైనది. నౌరోజీ నగర్‌లో అప్పటికే పెక్కు చెట్లు నేలకూలినవి. ఆ జూన్ మాసపు ఎండలో జనులు సరోజినీ నగర్‌లో చెట్లను కౌగిలించుకొని నిలిచిరి. ఖేజడ్లీ గ్రామము వారికి మార్గదర్శకము. ఢిల్లీ హైకోర్టు నరుకుటను నిలిపివేసినది. ప్రభుత్వమును నమూనాలను తిరిగి పరిశీలించి నరుకుడు తగ్గింతునని ప్రకటించినది.

1994 నాటి ఢిల్లీ వృక్షసంరక్షణ శాసనము ప్రకారము అనుమతిలేనిదే చెట్టును కొట్టరాదు. కొట్టిన ఒక్కొక్క చెట్టుకు పది మొక్కలు నాటవలెనను నిబంధనయు అమలులోనికి వచ్చినది. లెక్క ప్రకారము పది ఒకటికంటె ఎక్కువయే. కాని అరువది యేండ్ల వేపచెట్టు నీడలో తరగతి నడుపవచ్చును. ఊరికి దూరమున నాటిన పది మొక్కల నీడలో పిచ్చుకయు నిలువజాలదు. అవి బ్రతికి పెద్దవగుటకు మరల అరువది యేండ్లు కావలెను. నిలిచియున్న చెట్లకును కష్టము తప్పలేదు. మొదలు చుట్టును సిమెంటు పరచుటచే వేళ్ళకు నీరును గాలియు అందక, పెద్దగాలికి చెట్లు వేళ్ళతో కూలుచున్నవి. మొదలునకు మీటరు దూరమువరకు సిమెంటు తీసివేయవలెనని 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఆజ్ఞ ఇచ్చినది. 2022 మే మాసాంతమున వచ్చిన గాలివానలో న్యూఢిల్లీ వీథులలో పెక్కు పాతచెట్లు పడిపోయినవి.

అయినను ఈ కథ నష్టముతోనే ముగియలేదు. యమున ఒడ్డున వజీరాబాదు దగ్గరను, వసంతవిహార్ సమీపమున పాత గనులు త్రవ్వి విడిచిన ఆరావళి నేలమీదను ఢిల్లీ అభివృద్ధి సంస్థయు, ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులును కలిసి రెండు జీవవైవిధ్య వనములను పెంచిరి. ఈ కృషికి ఆచార్య సి. ఆర్. బాబు సారథ్యము వహించెను. వారు విలాయతీ కీకరును ఒక్కసారిగా నరికివేయలేదు. పైకొమ్మలను కోసి నేలకు వెలుతురు పడునట్లు చేసి, ఆ వెలుతురులో మోదుగ, చండ్ర, ధవ్ మొదలగు నేలతల్లి చెట్లను నాటిరి. అవి పైకి లేచి తమ నీడను తామే పరచుకొన్న కొలది కీకరు వెనుకకు తగ్గినది. అడవి మరల అడవియగుటకు ఈ నెమ్మది పద్ధతియే దారి చూపినది. పోయిన పక్షులు కొన్ని తిరిగివచ్చినవి.

కాంక్రీటు అంతస్తులలో కాపురమున్నవారికి పెరడు లేకపోవచ్చును; కాని ప్రతి కాలనీకిని ఒక ఉద్యానమున్నది, ప్రతి పాఠశాలకును ఒక ఆవరణమున్నది. వానలు ప్రారంభమైన తరువాత, జూలై ఆగస్టులలో, మోకాటిలోతు గొయ్యి తీసి నాటిన జమ్మిమొక్కకు మొదటి రెండు వేసవులు నీరు పోసిన చాలును. ఆ పిదప అది ఎవరిని ఏమియు అడుగదు. నేరేడునకు మాత్రము తడిగల పల్లపు చోటు వెదకవలెను. మామిడికి చలికాలమున గడ్డిదడి మరువరాదు.

ఢిల్లీలో తెలుగువారి విజయదశమి వేడుకలలో జమ్మికొమ్మను దూరమునుండి తెప్పించి పాత్రలో నిలిపి పూజించుట కలదు. సాయంకాలమునకు ఆ ఆకు వాడిపోవును. ఏ కాలనీ మూలనో నాటిన ఒక మొక్క పదునైదు, ఇరువది యేండ్లకు చెట్టై నిలుచును. అప్పటికి నాటినవారు పదవీవిరమణ పొంది గుంటూరులోనో వరంగల్లులోనో ఉందురు. ఆ దసరానాడు ఆ చెట్టు దగ్గరకు వచ్చు పిల్లవానికి వారి పేరు తెలియదు. చేతినిండ ఆకు మాత్రము దొరకును.